గ్రిడ్ నాడి పట్టుకునే ఛార్జర్: నా ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

సాయంత్రం ఆరున్నరకి కారు తెచ్చి ఛార్జింగ్‌కి పెడతాను, పొద్దున ఏడున్నరకి తీస్తాను. అంటే పదమూడు గంటలు ప్లగ్గులోనే ఉంటుంది. అందులో నిజంగా కరెంటు తీసుకునేది మూడు గంటలు కూడా ఉండదు. అది కూడా ప్లగ్గు పెట్టిన మరుక్షణం నుంచే. జనం ఇళ్ళకి చేరి లైట్లు, ఏసీలు, మోటార్లు వేసే వేళ అది. మేడ మీది ప్యానెళ్ళు పడుకునే వేళ కూడా అదే. పగలంతా ఎండ కరెంటు గ్రిడ్‌కి ఇస్తున్నాను, గ్రిడ్‌కి అన్నిటికంటే కష్టమైన గంటలో అంతకంటే ఎక్కువ లాగేస్తున్నాను. పొగ రాని కారు కొన్నామని సంతోషపడి ఊరుకునే విషయంగా నాకు అనిపించలేదు.

టైమర్ పెట్టి రాత్రి పదకొండుకి మార్చి చూశాను. నా ఒక్కడికైతే సరిపోతుంది. అందరూ పదకొండే పెట్టుకుంటే ఆరున్నర సమస్య పదకొండుకి మారుతుంది, అంతే.

కాబట్టి అనుకున్న పని ఇది. గ్రిడ్ ఇబ్బంది పడుతోందని ఛార్జర్ తనంతట తానే గుర్తుపట్టాలి. గుర్తుపట్టి కాస్త తగ్గాలి. తేరుకున్నాక మళ్ళీ పెరగాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఏ సర్వరునీ అడగక్కర్లేదు. ఎందుకంటే ఆ కబురు గోడలోని ప్లగ్గు పాయింటు దాకా ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. దాని పేరు ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క. దాని కొలత హెర్ట్జ్.

ఒక గ్రిడ్‌లోని పెద్ద జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న టర్బో జనరేటర్ నిమిషానికి సరిగ్గా 3000 చుట్లు తిరుగుతుంది. మిగతావన్నీ దానితో అడుగు కలిపే నడవాలి. ఎక్కడో ఒకటి ట్రిప్ అయితే దాని బరువు మిగతా వాటి మీద పడి అన్నిటి నడకా ఒకేసారి నెమ్మదిస్తుంది. వందల కిలోమీటర్ల అవతల ట్రిప్ అయినా సరే, క్షణాల్లో నా గోడలో 50.00 కాస్తా 49.90 అవుతుంది. లోడ్ తగ్గి కరెంటు మిగిలిపోతే 50.10 అవుతుంది. ఇంత నిజాయితీగా, ఇంత వేగంగా గ్రిడ్ ఆరోగ్యం చెప్పే అంకె మరొకటి లేదు.

ఈ ఆలోచన నాది కాదు. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ ఫ్రెడ్ ష్వెప్ 1980 ప్రాంతంలోనే ఇది చెప్పాడు. ఫ్రిజ్‌లు, వాటర్ హీటర్ల లాంటివి ఫ్రీక్వెన్సీ చూసుకుని తమ పని కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవచ్చని ఆయన వాదన. అప్పట్లో ఇంటింటికీ అంత పెద్ద లోడ్ లేదు, అంత చవకగా కొలిచే చిప్పులూ లేవు. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

రెండో వారం

కొలిచే సర్క్యూట్ పెద్దదేమీ కాదు. 230 వోల్టులని 9 వోల్టులకి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక ఒక ఏసీ ఆప్టోకప్లర్, ఆ వెనక మైక్రోకంట్రోలర్. ఇక్కడ ఏసీ అంటే అటూ ఇటూ ఊగే ఇంటి కరెంటు. ఆప్టోకప్లర్ వైర్లు కలపకుండా వెలుతురుతో సంకేతం దాటించే చిప్పు, మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాము నడిపే చిప్పు. వేవ్ సున్నా దాటిన ప్రతిసారీ ఒక పల్స్ వస్తుంది. రెండు పల్సుల మధ్య కాలం కొలిస్తే ఫ్రీక్వెన్సీ తెలిసిపోతుంది. మెయిన్స్‌ని నేరుగా బోర్డు దాకా తీసుకురావద్దు. ట్రాన్స్‌ఫార్మర్, ఆప్టోకప్లర్ రెండూ ఉండాల్సిందే. నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసి సరే అన్నాకే ప్లగ్గులో పెట్టాను.

పెట్టగానే 50.14 అని చూపించింది. సంబరంగా కూర్చుని చూశాను. 50.13, 50.14, 50.15. గ్రిడ్‌లో కరెంటు మిగిలిపోతోంది కాబోలు అనుకున్నాను. గంట గడిచినా అంతే. సాయంత్రం లోడ్ పెరిగే వేళకి తగ్గాలి కదా, తగ్గలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం గది వేడెక్కాక 50.19 అయింది. అప్పుడు అనుమానం వచ్చింది. గది వేడికీ గ్రిడ్‌కీ ఏం సంబంధం?

తప్పు గడియారంలో ఉంది. నేను వాడిన పాత బోర్డులో ప్రాసెసర్‌కి క్లాక్ ఇచ్చేది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, సెరామిక్ రెజొనేటర్. వీటిలో అర శాతం దాకా తేడా మామూలే. అర శాతమంటే 50 మీద 0.25 హెర్ట్జ్. నేను వెతుకుతున్నదేమో 0.02 హెర్ట్జ్ తేడాని. 50.00 దగ్గర ఒక సైకిల్ 20 మిల్లీసెకండ్లు, 50.02 దగ్గర 19.992. ఎనిమిది మైక్రోసెకండ్లు! వంకర స్కేలుతో వెంట్రుక మందం కొలుస్తున్నానన్నమాట.

క్రిస్టల్ ఉన్న బోర్డు తీసుకున్నాను. దాన్ని కూడా నమ్మకుండా ఒక జీపీఎస్ మాడ్యూల్ తగిలించాను. అది సెకనుకొకసారి కచ్చితమైన పల్స్ ఇస్తుంది. ఆ పల్సుతో పోల్చి క్రిస్టల్ తేడా ఎంతో లెక్కకట్టి ప్రోగ్రాములో సరిచేశాను. ఇప్పుడు తెర మీద 49.98, 50.01, 49.99. సెకను సెకనుకీ కదిలే ఆ అంకె చూస్తుంటే చేతి మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూస్తున్నట్టే ఉంది. రాత్రి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ చిన్న తేడాలు పోగుపడితే ఏమవుతుందో 2018లో యూరప్ చూసింది. సెర్బియా, కొసొవో ప్రాంతంలో తలెత్తిన ఒక వివాదం వల్ల గ్రిడ్‌కి అందాల్సిన కరెంటు అందలేదు. జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా సగటు ఫ్రీక్వెన్సీ 49.996 దగ్గరే ఉండిపోయింది. తగ్గింది పదివేలలో ఒక వంతు కూడా కాదు. అయినా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ మీద నడిచే ఓవెన్ల, అలారంల గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. ఎన్నో దేశాల్లో, ఒకేలా.

మూడో వారం, బుధవారం

కారు ఛార్జింగ్ మొదలవగానే కొలత పిచ్చిపిచ్చిగా అయింది. 50.0, 63.1, 49.9, 97. ఛార్జర్ల, ఇన్వర్టర్ల స్విచింగ్ వల్ల వేవ్ మీద సన్నటి ముళ్ళు లేస్తాయి. సున్నా దగ్గర ఒక ముల్లు లేస్తే వేవ్ ఒకసారి దాటిన చోట మూడుసార్లు దాటినట్టు లెక్క వస్తుంది. మూడు మార్పులు చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వేసి ముళ్ళని అరగదీశాను. 18 నుంచి 22 మిల్లీసెకండ్ల మధ్య లేని సైకిల్‌ని ప్రోగ్రాములోనే పక్కన పెట్టేశాను. ఒక్కో సైకిల్ చూడడం మానేసి యాభై సైకిళ్ళ సగటు తీసుకున్నాను.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆప్టోకప్లర్ ఒక సైకిల్‌కి రెండు పల్సులు ఇస్తుంది, ఆ రెంటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. అందుకని ఒకటి విడిచి ఒకటి లెక్కపెట్టాలి. ఇది తట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

నాలుగో వారం

ఇక కారుతో మాట్లాడాలి. ఏసీ ఛార్జింగ్‌లో బ్యాటరీకి కరెంటుని మార్చే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడకి ఉన్న పెట్టె చేసే పని ‘ఇంతవరకు తీసుకోవచ్చు’ అని చెప్పడం, భద్రత చూసుకోవడం. ఆ మాట పైలట్ అనే సన్నటి వైరు మీద నడుస్తుంది. 1000 హెర్ట్జ్ చదరపు వేవ్, ప్లస్ 12 నుంచి మైనస్ 12 వోల్టుల దాకా. కేబుల్ గుచ్చగానే కారు పై వోల్టేజీని 9కి దించుతుంది. ఛార్జింగ్‌కి సిద్ధమైతే 6కి దించుతుంది. వేవ్ ఎంత శాతం పైన ఉందో దాన్ని 0.6తో గుణిస్తే అన్ని ఆంపియర్లు తీసుకోవచ్చని అర్థం. 10 శాతమంటే 6 ఆంపియర్లు, 26.7 శాతమంటే 16. నా పెట్టె కిట్టుగా కొని బిగించుకున్నది. దాని కంట్రోల్ బోర్డుకి సీరియల్ వైరు మీద నంబరు పంపితే ఈ శాతం మారుస్తుంది. కాంటాక్టర్‌ని (కారుకి కరెంటు కలిపి తీసే పెద్ద స్విచ్చు), ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే కట్ చేసే భద్రతా స్విచ్చు) నేను ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా.

నా సూత్రం ఇది. మామూలుగా 11 ఆంపియర్లు. ఫ్రీక్వెన్సీ 49.98కీ 50.02కీ మధ్య ఉంటే కదలొద్దు. దాటితే 50.00 నుంచి లెక్కేసి 0.1 హెర్ట్జ్‌కి రెండున్నర ఆంపియర్ల చొప్పున తగ్గు లేదా పెరుగు. 49.80 దగ్గర 6కి చేరుతుంది, 50.20 దగ్గర 16కి.

చప్పున 11 నుంచి సున్నాకి పడేసే స్విచ్చులా కాకుండా ఇలా వాలుగా ఎందుకంటే, దాని వెనక జర్మనీ అనుభవం ఉంది. అక్కడ పాత సోలార్ ఇన్వర్టర్లకి ఒక నిబంధన ఉండేది: ఫ్రీక్వెన్సీ 50.2 దాటితే వెంటనే ఆగిపోవాలి. ప్యానెళ్ళు కొన్నే ఉన్న కాలంలో అది తెలివైన నిబంధనే. లక్షల ఇళ్ళకి ప్యానెళ్ళు వచ్చాక అదే ప్రమాదమైంది. 50.2 ముట్టగానే వేల మెగావాట్లు ఒక్క క్షణంలో మాయమైతే ‘ఎక్కువ’ కాస్తా ‘తీవ్రమైన తక్కువ’ అయిపోతుంది. 2012 నుంచి ఆ ఇన్వర్టర్లని ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. ఒక ఇంటికి మంచిదైన రూలు లక్ష ఇళ్ళకి కూడా మంచిదేనా అని అడగకపోతే ఏం జరుగుతుందో నాకు దీనికి మించిన ఉదాహరణ కనబడలేదు. నా పెట్టె ఒక్కటే కావచ్చు, కానీ లక్ష పెట్టెల్లో ఒకటన్నట్టే రాయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

అయిదో వారం, సోమవారం పొద్దున

“ఏమండీ, కారు నలభై శాతం దగ్గరే ఉంది. రాత్రి ప్లగ్గు పెట్టారా?”

పెట్టాను. లాగ్ తీసి చూస్తే తెలిసింది. రాత్రి పన్నెండు దాటాక ఫ్రీక్వెన్సీ 49.80 కిందికి నాలుగుసార్లు దిగి లేచింది. 6 ఆంపియర్ల కన్నా తక్కువ చెప్పడానికి ఆ పైలట్ పద్ధతిలో దారి లేదు, ఇక ఆపేయడమే. నా ప్రోగ్రాము నాలుగుసార్లు ఆపి నాలుగుసార్లు మొదలుపెట్టింది. నాలుగోసారి కారు లేవలేదు. మాటిమాటికీ ఆపి పెడితే కొన్ని కార్లు నిద్రలోకి జారుకుంటాయి, కేబుల్ తీసి మళ్ళీ గుచ్చితేనే లేస్తాయి. ఆ పూట ఇంట్లోవాళ్ళు ఆటోలో వెళ్ళారు.

గ్రిడ్‌కి మేలు చేయాలని ఇంట్లోవాళ్ళని ఇబ్బంది పెడితే ఈ పెట్టెని రెండో వారంలోనే ఊడదీస్తారు, ఊడదీయడమే న్యాయం కూడా. అందుకే రెండు రూల్స్ కలిపాను. మొదటిది, ఫ్రీక్వెన్సీ 49.5 కన్నా దిగితే తప్ప పూర్తిగా ఆపొద్దు, 6 దగ్గరే ఉండు. రెండోది, పొద్దున బయల్దేరే టైముకి కావాల్సిన ఛార్జ్ అందదని లెక్క తేలిన క్షణం నుంచి నా సూత్రం పక్కన పెట్టి 16తో నింపెయ్. పెట్టె మీద ఒక ఎర్ర బటన్ కూడా పెట్టాను. నొక్కితే ఆ రాత్రికి ఇది మామూలు ఛార్జర్. ఆ బటన్ పెట్టాక ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

ఆరో వారం

వేగం సంగతి తేల్చుకున్నాను. పైలట్ మీద కొత్త నంబరు వచ్చాక దానికి లోబడడానికి కారుకి 5 సెకండ్ల దాకా గడువు ఉంది. నా కారు రెండు మూడు సెకండ్లలో దిగుతోంది. జనరేటర్ ట్రిప్ అయిన మొదటి సెకనులో గ్రిడ్‌ని నిలబెట్టేది తిరుగుతున్న ఇనుప రోటార్లలోని వేగశక్తి. అక్కడ నా పెట్టె చేయగలిగింది లేదు. కానీ ఆ తర్వాత వచ్చే ప్రైమరీ రిజర్వ్‌కి (ఫ్రీక్వెన్సీ పడగానే తొలుత ఆదుకునే అదనపు కరెంటు) యూరప్‌లో ఇచ్చే గడువు 30 సెకండ్లు. అందులో కారు హాయిగా సరిపోతుంది.

సోలార్, గాలి పెరిగి పెద్ద టర్బైన్లు పక్కకి తప్పుకునే కొద్దీ ఆ ఇనుప బరువు తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ ఇంకా వేగంగా పడుతుంది. పచ్చ కరెంటు వద్దనడానికి ఇది కారణం కానే కాదు, ఆ లోటు ఎలా పూడ్చాలో తెలుసుకోమని చెప్పే కారణం. దక్షిణ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న రాష్ట్రమంతా చీకటైంది. మరుసటి ఏడాది డిసెంబరు కల్లా అక్కడి హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పని మొదలుపెట్టింది, తర్వాత దాన్ని 150కి పెంచారు. సెకనులోపే స్పందించే పని దానిది. దాని వెనక రెండో వరసలో కార్లు నిలబడగలవు.

నా కారు 11 నుంచి 6కి దిగితే గ్రిడ్‌కి మిగిలేది 5 ఆంపియర్లు, అంటే 1150 వాట్లు. యూరప్ ఖండపు గ్రిడ్ ఒకేసారి తట్టుకోవాలని లెక్కలోకి తీసుకునే నష్టం 3000 మెగావాట్లు. అదే సమయానికి ఛార్జ్ అవుతున్న దాదాపు 26 లక్షల కార్లు ఇలా తగ్గితే ఆ లోటు పూడుతుంది. ఒక్క కారు కూడా ఆగకుండా, ఒక్క ఇంట్లో కూడా దీపం ఆరకుండా.

2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగు పడ్డాక ఒక గ్యాస్ ప్లాంటు, ఒక సముద్రపు విండ్ ఫామ్ దాదాపు ఒకేసారి కరెంటు ఇవ్వడం ఆపేశాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి పడింది. మిగతా గ్రిడ్‌ని కాపాడడానికి పది లక్షలకు పైగా కనెక్షన్లకి ఆటోమేటిక్‌గా కరెంటు తీసేశారు. రైళ్ళు గంటల తరబడి నిలిచిపోయాయి. అలాంటప్పుడు ముందు తగ్గాల్సింది రాత్రంతా టైమున్న కారు. జనంతో నిండిన రైలు కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మా కారు రోజుకి వాడేది 7 యూనిట్లు. 11 ఆంపియర్ల దగ్గర అది మూడు గంటల్లోపే నిండిపోతుంది. నిండిన కారు గ్రిడ్‌కి తగ్గి ఇవ్వగలిగింది ఏమీ లేదు. అందుకే రోజూ కాకుండా మూడు రోజులకోసారి ఛార్జ్ చేయడం మొదలుపెట్టాను. 21 యూనిట్లకి ఎనిమిది గంటల పైన పడుతుంది, రాత్రంతా సరిపోతుంది.

ఏడో వారం, గురువారం

సాయంత్రం కరెంటు పోయి నలభై నిమిషాలకి వచ్చింది. మేడ మీద ఎండ ఇంకా ఉన్నా ప్యానెళ్ళు కూడా ఆగిపోయాయి. లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదని గ్రిడ్ లేనప్పుడు ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. ఇది తెలియక ప్యానెళ్ళు పెట్టించుకున్నాక నిరాశపడేవాళ్ళని చాలామందిని చూశాను.

నేను చూడాలనుకున్నది కరెంటు వచ్చాక మొదటి నిమిషం. ఫ్రీక్వెన్సీ 50.01. ఏ గొడవా లేదు. వోల్టేజీ మాత్రం 231 నుంచి 207కి పడిపోయింది. వీధిలోని ఫ్రిజ్‌లు, ఏసీలు, మోటార్లు, ఛార్జర్లు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. దేశం మొత్తం గ్రిడ్ కులాసాగా ఉంది, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మూలుగుతోంది. ఫ్రీక్వెన్సీ చెప్పలేని సంగతి ఇది. గ్రిడ్ అంతటికీ ఫ్రీక్వెన్సీ ఒకటే, వోల్టేజీ మాత్రం వీధి వీధికీ వేరు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం చీకటైనప్పుడు కూడా కథ మొదలైంది వోల్టేజీ దగ్గరే. అక్కడది పెరిగిపోయి, ఒకదాని వెనక ఒకటి ప్లాంట్లు ట్రిప్ అయ్యాయి.

కాబట్టి పెట్టెకి రెండో చెవి కావాలి. అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వోల్టేజీ కూడా చదువుతున్నాను. 215 కన్నా దిగితే ఫ్రీక్వెన్సీ ఏమన్నా సరే, కారు 6కి దిగుతుంది. కరెంటు పోయి వస్తే సున్నా నుంచి పది నిమిషాల మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సమయం ఆగి మొదలవుతుంది. రాత్రి పదకొండు టైమర్‌కి కూడా అదే పెట్టాను. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి కొత్త ఇంటి ఛార్జర్లకి ఈ యాదృచ్ఛిక ఆలస్యం చట్టప్రకారం తప్పనిసరి. నాలుగు లైన్ల కోడ్ ఇది. ప్రతి ఛార్జర్‌లోనూ ఉండాలి.

ఎనిమిదో వారం, ఆదివారం

పగటిపూట సోలార్ మిగులుతో నింపే పని కూడా కలిపాను. మీటరు దగ్గర ఒక సీటీ క్లాంప్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది), బయటికి పోతున్న కరెంటు 1400 వాట్లు దాటితే ఛార్జింగ్ మొదలు. మబ్బు పట్టగానే ఆగిపోకుండా అయిదు నిమిషాలు ఓపిక పట్టమన్నాను, లేకపోతే కారు మళ్ళీ నిద్రపోతుంది. ఇది చాలామంది చేసినదే, కొత్తేమీ లేదు.

తొమ్మిదో వారం

నిన్న రాత్రి లాగ్‌లోది:

02:41:07 – 49.98, కారు 11 ఆంపియర్లు
02:41:12 – 49.88, పెట్టె 8 అడిగింది
02:41:15 – 49.84, కారు 8కి దిగింది
02:41:19 – 49.81, పెట్టె 6 అడిగింది
02:41:22 – 49.81, కారు 6కి దిగింది
02:46 – 49.89
02:52 – 49.96, కారు 10
02:58 – 49.99, కారు 11

ఎక్కడ ఏం ట్రిప్ అయిందో నాకు తెలీదు. ఇంట్లో ఎవరూ కదల్లేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పొద్దున 90 శాతం కావాలంటే 89 ఉంది.

పై వాటా వాళ్ళు లాగ్ చూసి తమ కారుకీ కావాలన్నారు. ఆప్టోకప్లర్లు వచ్చాయి, రెండో బోర్డు సోల్డరింగ్ మొదలుపెట్టాను. రెసిస్టర్, కెపాసిటర్ ఈసారి మొదటే వేస్తున్నాను. వాళ్ళ కారు ఎన్నిసార్లు ఆపితే నిద్రపోతుందో శనివారం చూడాలి.